జబ్బు మేక రిపోర్టు నార్మల్, మంచి మేక రిపోర్టుకు ఎర్ర గుర్తులు

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మాది నాగర్‌కర్నూల్ జిల్లా. మాకు నలభై మేకలు, ఎనిమిది గొర్రెలు ఉన్నాయి. అన్నీ ఒకే దొడ్డిలో ఉంటాయి. పోయిన నెల సంతలో ఆరు మేకలు కొని మందలో కలిపాం. రెండు వారాలకు దగ్గు మొదలైంది. జ్వరం, ముక్కు నుంచి చీమిడి, డొక్కలు ఎగరేయడం, మేత ముట్టకపోవడం. రెండు చనిపోయాయి. ఒకదాన్ని కోసి చూస్తే ఒక పక్క ఊపిరితిత్తి గట్టిపడి పక్కటెముకలకు అతుక్కుని ఉంది, ఛాతీలో పసుపు రంగు నీరు ఉంది. పారుడు లేదు, నోట్లో పుండ్లు లేవు. గొర్రెలకు ఏమీ కాలేదు. పెన్సిలిన్ మూడు రోజులు వేయించాం, తగ్గలేదు.

మా బావమరిది టౌన్‌లో డయాగ్నస్టిక్ సెంటర్‌లో పని చేస్తాడు. అతనితో రెండు మేకలకు రక్తపరీక్ష చేయించాను. ఒకటి తొమ్మిది రోజులుగా జబ్బుతో ఉన్న నల్ల మేక. రెండోది బాగా తిరుగుతున్న ఎర్ర పోతు, పోల్చి చూద్దామని. నల్ల మేకకు హిమోగ్లోబిన్ 7.6, తెల్ల కణాలు 17,800, న్యూట్రోఫిల్స్ 66 శాతం, లింఫోసైట్స్ 29 శాతం, ప్లేట్‌లెట్లు 16 లక్షలు, ఈఎస్ఆర్ 1. ఎర్ర పోతుకు హిమోగ్లోబిన్ 9.8, తెల్ల కణాలు 9,200, న్యూట్రోఫిల్స్ 34, లింఫోసైట్స్ 61, ప్లేట్‌లెట్లు 14 లక్షలు, ఈఎస్ఆర్ 1. రెండింటికీ రక్తం తక్కువ అన్నారు. ఎర్ర పోతుకు లింఫోసైట్స్ చాలా ఎక్కువ, రక్తంలో పెద్ద జబ్బేదో ఉండొచ్చు అన్నారు. మందకంతా ఐరన్ ఇంజెక్షన్లు వేయించమంటారా? ఈ రిపోర్టుతో జబ్బేదో చెప్పగలరా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందుగా ఎర్ర పోతు సంగతి. దాని రక్తంలో ఏ జబ్బూ కనిపించడం లేదు. ఐరన్ మాత్రం ఎవరికీ వేయించకండి, కారణం కింద చెబుతాను. దగ్గే మేకలను ఈ పూటే వేరు చేయండి. ఆ పనయ్యాక మిగతాది తీరిగ్గా చదవండి.

మీ రిపోర్టులో తప్పు బావమరిదిది కాదు. ఆ కాగితం కుడి పక్కన ‘ఉండాల్సిన విలువలు’ అని అచ్చు వేసినవి మనిషివి. మనిషిలో తెల్ల కణాలు వంద లెక్కపెడితే సగానికి పైగా న్యూట్రోఫిల్స్ అనే రకం, పాతిక ముప్పై లింఫోసైట్స్ అనే రకం ఉంటాయి. మేకలో ఇది తలకిందులు. ఆరోగ్యంగా ఉన్న మేకకు లింఫోసైట్స్ 50 నుంచి 70 శాతం, న్యూట్రోఫిల్స్ 30 నుంచి 48 శాతం దాకా ఉంటాయి. ఆవు, గేదె, గొర్రె, మేక, నెమరు వేసే వాటన్నిటిలో దాదాపు ఇదే పద్ధతి. కాబట్టి మీ పోతు 61, 34 అంటే పుస్తకంలో బొమ్మ వేసుకోదగ్గ మేక రక్తం. దానికి కంప్యూటర్ ఎర్ర గుర్తు పెట్టింది.

ఇప్పుడు నల్ల మేక వరుస చూడండి. న్యూట్రోఫిల్స్ 66, లింఫోసైట్స్ 29. మనిషి లెక్కలో ఇది శుభ్రంగా నార్మల్, అందుకే ఆ వరుస మీద ఒక్క గుర్తూ పడలేదు. మేక లెక్కలో మాత్రం మొత్తం తిరగబడిపోయింది. మీ కాగితంలో అన్నిటికన్నా పెద్ద వార్త అదే, అదే ఎవరికీ కనపడలేదు.

శాతాలతో ఆగకుండా అసలు సంఖ్యలు కడదాం, ఇంకో విషయం బయటపడుతుంది. నల్ల మేకకు 17,800లో 66 శాతం అంటే సుమారు 11,700 న్యూట్రోఫిల్స్. పోతుకు 9,200లో 34 శాతం, సుమారు 3,100. అంటే దాదాపు నాలుగు రెట్ల తేడా. మరి లింఫోసైట్స్? నల్ల మేకకు సుమారు 5,200, పోతుకు 5,600. దాదాపు సమానం. అంటే నల్ల మేకలో లింఫోసైట్స్ పడిపోలేదు. న్యూట్రోఫిల్స్ విపరీతంగా పెరిగినందువల్ల వాటి వాటా మాత్రమే తగ్గింది. ఈ చిన్న లెక్క మీ మందలో జబ్బు ఏ వైపు మొగ్గుతోందో చెప్పడానికి పనికొస్తుంది.

మన దగ్గర మేకకు దగ్గు, జ్వరం, చీమిడి అనగానే మొదట అనుమానించేది పారుడు రోగాన్ని, అంటే పీపీఆర్‌ను. అనుమానించాలి కూడా. అది వైరస్. ఈ వైరస్‌కు ఇష్టమైన తావు లింఫోసైట్లే. వాటిలో చేరి, పెరిగి, వాటినే చంపుతుంది. అందుకే పీపీఆర్ మొదటి రోజుల్లో తెల్ల కణాల మొత్తం పెరగదు, తగ్గుతుంది. మేకకు మామూలుగా మైక్రోలీటరుకు 4,000 నుంచి 13,000 దాకా ఉండే తెల్ల కణాలు కొన్నిసార్లు 4,000 కన్నా కిందికి దిగుతాయి. రోగనిరోధక శక్తి అలా కుంగినప్పుడే ఊపిరితిత్తుల్లో వేరే బాక్టీరియా చేరి న్యుమోనియా అవుతుంది. పారుడు ఎక్కువై ఒంట్లో నీరు పోతే రక్తం చిక్కబడి హిమోగ్లోబిన్ బాగున్నట్టే కనిపిస్తుంది కూడా. రక్తం ఉందని సంతోషిస్తాం, నిజానికి నీళ్లు లేవు.

మీ నల్ల మేక రక్తం ఆ దారిలో లేదు. తెల్ల కణాలు పెరిగాయి, పెరిగినవి న్యూట్రోఫిల్స్. ఇది బాక్టీరియా లాంటి సూక్ష్మజీవి మీద శరీరం చేసే యుద్ధం తీరు. అయితే ఒక్క మాట. తొమ్మిది రోజుల తర్వాత తీసిన రక్తం ఇది. పీపీఆర్‌తో మొదలై, ఆ మీద బాక్టీరియా చేరి ఉంటే కూడా ఈ పాటికి లెక్కలు ఇలాగే మారవచ్చు. కాబట్టి రక్తం ఒక్కదాని మీదే నేను తీర్పు చెప్పను.

తీర్పుకు దగ్గరగా తీసుకెళ్లేది మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యం: గొర్రెలకు ఏమీ కాలేదు. పీపీఆర్ మేకనూ పట్టుకుంటుంది, గొర్రెనూ పట్టుకుంటుంది. ఒకే దొడ్డిలో ఎనిమిది గొర్రెలు దగ్గకుండా, ముక్కు కారకుండా తిరుగుతున్నాయంటే (వాటికి మాత్రమే లోగడ టీకా పడిందా అన్నది ఒకసారి గుర్తు చేసుకోండి) అనుమానం మేకలను ఎంచి పట్టే జబ్బు మీదికి పోతుంది. దానికి తోడు ఒక పక్కే గట్టిపడిన ఊపిరితిత్తి, పక్కటెముకలకు అతుకు, ఛాతీలో పసుపు నీరు. నోట్లో పుండ్లు లేవు, పారుడు లేదు. ఇవన్నీ కలిపి చూస్తే నా అనుమానం మైకోప్లాస్మా అనే అతిచిన్న బాక్టీరియా వల్ల వచ్చే మేకల అంటు న్యుమోనియా మీద ఉంది. దాని తర్వాతి అనుమానం పాశ్చురెల్లా జాతి బాక్టీరియా మీద. అయితే అది గొర్రెలను వదలదు, కాబట్టి రెండో స్థానం.

మైకోప్లాస్మా న్యుమోనియాల్లో అన్నిటికన్నా మొండిదాన్ని ప్రపంచమంతా సీసీపీపీ అంటారు. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థకు తప్పక తెలపాల్సిన జబ్బుల జాబితాలో ఉంది అది. దాని చరిత్ర మీ సంత కథలాగే ఉంటుంది. 1881 ప్రాంతంలో దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతంలో మేకలు ఇలాగే ఆయాసంతో చనిపోతే, టర్కీ నుంచి ఓడలో తెచ్చిన అంగోరా మేకలతో జబ్బు దిగిందని హచియన్ అనే పశువైద్యుడు గుర్తించాడు. అంటుజబ్బు అని అప్పుడే తేలింది కానీ, అసలు క్రిమిని కెన్యాలో వేరు చేసి పట్టుకున్నది 1976లో. అంత ఆలస్యానికి కారణం ఆ క్రిమి ప్రయోగశాలలో చాలా నెమ్మదిగా, అతి కష్టం మీద పెరగడమే. మీ మందలో ఉన్నది సరిగ్గా అదే రకమా, మేకలను పట్టే మరో మైకోప్లాస్మానా అన్నది ల్యాబ్ మాత్రమే తేల్చగలదు.

పెన్సిలిన్ పని చేయకపోవడానికి కూడా ఇక్కడే కారణం దొరకవచ్చు. పెన్సిలిన్ బాక్టీరియా చుట్టూ ఉండే గోడను కట్టనివ్వకుండా చేసి చంపుతుంది. మైకోప్లాస్మాకు ఆ గోడే ఉండదు. లేని గోడను పెన్సిలిన్ ఏం పగలగొడుతుంది? అమాక్సిసిలిన్ అయినా, ఖరీదైన సెఫ్ట్రియాక్సోన్ అయినా ఇదే సంగతి, అన్నీ గోడ మీద పని చేసేవే. మైకోప్లాస్మాకు వాడేది టైలోసిన్, ఆక్సిటెట్రాసైక్లిన్ లాంటివి. టైలోసిన్ మామూలుగా కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున రోజూ కొన్ని రోజుల పాటు వేస్తారు. మేకను తూకం వేసి, మీ పశువైద్యుడు రాసిన మోతాదు, రాసిన అన్ని రోజులూ వేయించండి. రెండో రోజు మేత తిన్నదని ఆపేయవద్దు. జ్వరం, నొప్పి తగ్గడానికి మెలాక్సికామ్ కూడా ఆయనే రాస్తారు. టిల్మికోసిన్ అనే ఇంజెక్షన్ పేరు ఎవరైనా చెబితే మాత్రం దగ్గరికి రానివ్వకండి. ఆవుల న్యుమోనియాకు వాడే మందు అది, మేకకు ఇంజెక్షన్‌గా వేస్తే గుండె ఆగి చనిపోవచ్చు. వేసేవాడి చేతికి సూది గుచ్చుకున్నా ప్రమాదమే.

ఇక హిమోగ్లోబిన్. మేకకు 8 నుంచి 12 ఉంటే చాలు. పోతుకు 9.8 నిక్షేపంగా ఉంది. నల్ల మేకకు 7.6, కొద్దిగా తక్కువ. ఈ తగ్గుదల న్యుమోనియా లాంటి జబ్బుల్లో మామూలే. ఒంట్లో మంట (ఇన్‌ఫ్లమేషన్) ఉన్నన్నాళ్లూ శరీరం ఇనుమును కాలేయంలోనూ, కొన్ని కణాల్లోనూ దాచిపెట్టి రక్తంలోకి రానివ్వదు. క్రిములు పెరగడానికి కూడా ఇనుము కావాలి, వాటికి దొరకకూడదని శరీరం వేసే తాళం అది. ఆ తాళం వల్ల కొత్త ఎర్ర కణాల తయారీ మందగించి హిమోగ్లోబిన్ దిగుతుంది. మీరు ఇప్పుడు ఐరన్ ఇంజెక్షన్ వేస్తే దొంగకు తాళంచెవి ఇచ్చినట్టే. జబ్బు తగ్గి మేత తింటే హిమోగ్లోబిన్ దానంతట అదే లేస్తుంది.

మందలో నిజంగా రక్తం తక్కువున్న మేకలు ఉండవని కాదు. మన వానాకాలంలో రక్తం పీల్చే పొట్ట నట్టలు ఒక్కోసారి న్యుమోనియా కన్నా ఎక్కువ ప్రాణాలు తీస్తాయి. అది కనిపెట్టడానికి డయాగ్నస్టిక్ సెంటర్ అక్కర్లేదు. కంటి కింది రెప్పను బొటనవేలితో కిందికి లాగి పగటి వెలుగులో చూడండి. ఎర్రగా, ముదురు గులాబీ రంగులో ఉంటే బాగున్నట్టు. తెల్లబడితే నట్టలు తాగేస్తున్నట్టు. దవడ కింద నీరు సంచిలా దిగితే ఇంకా ముదిరినట్టు. దక్షిణాఫ్రికా వాళ్లు ఈ రెప్ప రంగును ఐదు మెట్లుగా అట్ట మీద అచ్చు వేసి కాపరుల చేతికిచ్చారు, దాన్ని ఫమాచా కార్డు అంటారు. కార్డు లేకపోయినా ఫర్వాలేదు, నాలుగు మేకలను వరుసగా చూస్తే మీ కన్నే అలవాటు పడుతుంది. నల్ల మేక రెప్ప కూడా చూడండి. తెల్లగా ఉంటే దానికి నట్టల మందు కూడా కావాలి, న్యుమోనియా కాస్త కుదుటపడ్డాక.

ప్లేట్‌లెట్లు 16 లక్షలు, 14 లక్షలు అన్నవాటిని చించి పారేయవచ్చు. మేక ఎర్ర కణం చాలా చిన్నది, ఘనపరిమాణంలో మనిషి కణంలో నాలుగో వంతు కూడా ఉండదు. మనుషుల కోసం సెట్ చేసిన మెషిన్ అంత చిన్న కణాన్ని చూసి ‘ఇది ప్లేట్‌లెట్ అయి ఉంటుంది’ అని ఆ ఖాతాలో రాసుకుంటుంది. మీరు రాయలేదు కానీ, అదే కాగితంలో ఎర్ర కణాల సంఖ్య బాగా తక్కువ చూపించి ఉండాలి, ఒకసారి చూడండి. అక్కడ తగ్గినవే ఇక్కడ పెరిగాయి. తెల్ల కణాల లెక్కలో కూడా ఈ మెషిన్లు కొంత తప్పుతాయి. అందుకే పైన నేను చేసిన లెక్కలను దిశ చూపించేవిగానే తీసుకోండి, చివరి అంకె వరకూ నమ్మవద్దు. నమ్మదగ్గ పద్ధతి గాజు పలక మీద పూత వేసి, రంగు పట్టించి, తెలిసినవాళ్లు మైక్రోస్కోపులో చూసి లెక్కపెట్టడం. పశువుల ల్యాబుల్లో అదే చేస్తారు.

ఈఎస్ఆర్ 1 చూసి ‘అది మాత్రం బాగుంది’ అనుకుని ఉంటారు. గొట్టంలో ఎర్ర కణాలు గంటలో ఎంత కిందికి దిగాయో చెప్పే అంకె అది. మేక ఎర్ర కణాలు మనిషి కణాల్లా ఒకదాని మీద ఒకటి దొంతరలుగా పేరుకోవు, అందుకని గొట్టంలో గంటసేపు నిలబెట్టినా కిందికి దిగవు. జబ్బున్న మేకకూ దాదాపు సున్నాయే, లేని మేకకూ దాదాపు సున్నాయే. మీ రెండు మేకలకూ ఒకటే అంకె రావడం అందుకే.

మరి రక్తంలో ఇంకేం చూడొచ్చు అంటే, ప్రోటీన్లు. మంట ఎక్కువయ్యే కొద్దీ ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ పెరుగుతుంది. మేకకు మామూలుగా డెసిలీటరుకు 100 నుంచి 400 మిల్లీగ్రాములు. మీరు ఛాతీలో చూసిన ఆ అతుకు చాలావరకు ఈ ప్రోటీన్ రక్తనాళాల్లోంచి బయటికి కారి గడ్డకట్టిందే. జబ్బు పాతబడితే గ్లోబ్యులిన్ పెరిగి అల్బుమిన్ తగ్గుతుంది. ఇవన్నీ ఏ మేక ఎంత లోతులో ఉందో, మందు పనిచేస్తోందో లేదో చెప్పడానికి బాగా పనికొస్తాయి. క్రిమి పేరు మాత్రం ఇవి చెప్పవు. మళ్లీ రక్తం తీయించాలనుకుంటే మేకను దొడ్డంతా తరిమి పట్టుకున్న వెంటనే తీయించకండి. బెదిరిన మేకకు ప్లీహం ముడుచుకుని దాచుకున్న ఎర్ర కణాలను రక్తంలోకి నెట్టేస్తుంది, తెల్ల కణాలూ పెరుగుతాయి. నీడన కట్టేసి, అది సర్దుకున్నాక తీయాలి. ఊదా మూత సీసాలో పోసి మెల్లగా తిప్పి, అదే రోజు ల్యాబ్‌కు చేర్చాలి.

క్రిమి పేరు కావాలంటే వెతకాల్సింది ఊపిరితిత్తుల్లో. ఇంకో మేక చనిపోతే (చనిపోకూడదనే కోరుకుందాం) కోసే ముందే పశువైద్యుణ్ణి పిలవండి. ఛాతీలో నీరు సిరంజిలోకి తీసి, గట్టిపడిన భాగమూ మంచి భాగమూ కలిసే అంచు దగ్గర ఊపిరితిత్తి ముక్క కోసి, ఐస్ పెట్టి జిల్లా పశువ్యాధి నిర్ధారణ ల్యాబ్‌కో, అక్కడి నుంచి హైదరాబాద్‌కో పంపుతారు. పీసీఆర్‌లో (క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్షలో) మైకోప్లాస్మా, పీపీఆర్ రెండూ చూడమని అడగండి. బతికున్న వాటి నుంచి ముక్కు స్వాబ్ తీయవచ్చు, కానీ సీసీపీపీ క్రిమి ముక్కులో దొరికే అవకాశం తక్కువ. స్వాబ్‌లో ఏమీ లేదన్నంత మాత్రాన జబ్బు లేదనుకోవద్దు. రక్తం నుంచి సీరం తీసి యాంటీబాడీలు చూడటం ఇంకో దారి. దానికి ఇవాళ ఒకసారి, రెండు మూడు వారాలకు మరోసారి తీసి రెండూ పోల్చాలి. ఇక్కడో చిక్కుంది: పీపీఆర్ టీకా పడ్డ మేకకు యాంటీబాడీలు ఎలాగూ ఉంటాయి. ఏ మేకకు ఎప్పుడు టీకా పడిందో చీటీ మీద రాసి శాంపిల్‌తో పంపండి.

దగ్గే వాటిని వేరు చేయండన్నాను కదా, వేరంటే మధ్యలో తడిక కట్టడం కాదు. ఈ జబ్బు దగ్గు తుంపర్లతో పక్క మేకకు పాకుతుంది. వేరే దొడ్డి, వేరే నీళ్ల తొట్టి, వీలైతే వేరే మనిషి. ఒక్కరే చూసుకోవాల్సి వస్తే ముందు మంచి మేకలు, తర్వాత జబ్బువి. ఇంకా బాగున్న మేకలకు ఉదయం పూట జ్వరం చూస్తూ ఉండండి. 104 డిగ్రీలు దాటిన దాన్ని, దగ్గు రాకముందే, అటు పంపేయండి. ‘ఎవరికి రాబోతోందో రక్తంలో ముందే తెలుస్తుందా’ అని అడిగేవాళ్లుంటారు. పది రూపాయల సూది కన్నా ఆ థర్మామీటరే ముందు చెబుతుంది.

సంత మేకలను కలిపేశాక వేరు చేయడం ఇప్పుడు కుదరదు. ఇకపై కొన్నవాటిని కనీసం మూడు నాలుగు వారాలు విడిగా ఉంచాకే కలపండి. సీసీపీపీ బయటపడటానికి వారం పది రోజులు పట్టొచ్చు, ఒక్కోసారి నెల దగ్గరకూ పోతుంది. కోలుకున్న మేక కూడా కొన్నాళ్లు క్రిమిని మోయవచ్చు. అందుకే ‘తగ్గింది కదా’ అని ఇప్పుడు ఆ మేకలను సంతకు తోలకండి. మీకు జరిగిందే ఇంకొకరికి జరుగుతుంది.

పీపీఆర్ టీకా సంగతి కూడా తేల్చుకోండి. మందకు ఎప్పుడు వేయించారో మీరు రాయలేదు. ఒక్క డోసుతో కనీసం మూడేళ్లు కాపాడే టీకా అది, పశుసంవర్ధక శాఖ వాళ్లే వేస్తారు. 2030 నాటికి పీపీఆర్‌ను ప్రపంచంలోనే లేకుండా చేయాలన్న లక్ష్యంతో పని జరుగుతోంది. కానీ జ్వరంతో ఉన్న మేకకు టీకా వేయించవద్దు. మంద కుదుటపడి, డాక్టర్ సరే అన్నాక, మూడు నాలుగు నెలలు దాటిన పిల్లలతో సహా వేయించండి.

ఈ జబ్బు మనుషులకు అంటదు, ఇంట్లో పిల్లలున్నారని భయపడకండి. అయినా చచ్చిన మేక మాంసం తినడం, అమ్మడం రెండూ వద్దు. సున్నం చల్లి లోతుగా పాతిపెట్టండి. ఇంజెక్షన్లు నడుస్తున్న పాల మేక పాలు మనుషులు తాగకూడదు. మందు సీసా మీద ఎన్ని రోజులని ఉంటే అన్ని రోజులు, పాలకూ మాంసానికీ గడువులు విడివిడిగా రాసి ఉంటాయి. మీ ఊరికి పశువైద్యుడు రావడం ఆలస్యమైతే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఫోన్‌లో ‘దగ్గు’ అని మాత్రమే చెప్పకండి. మేకలు చనిపోతున్నాయి, గొర్రెలు బాగున్నాయి, పెన్సిలిన్ పని చేయలేదు, ఈ మూడు ముక్కలూ చెప్పండి. డాక్టర్ ఏ మందు, ఏ శాంపిల్ సీసాలు వెంట తెచ్చుకోవాలో దాన్ని బట్టే తేల్చుకుంటారు.